గోదా మీద గచ్చు

పత్తికి మంచి ధర పలికిన ఆ ఏళ్లలో భైంసా సేట్లకు ఒక దిగులు పట్టుకుంది: ఊళ్లో వినోదం లేదని. పొద్దంతా గద్దీ మీద దిండుకు ఆనించిన వీపును, సాయంత్రం ఆనించడానికి ఇంకో చోటు కావాలన్నమాట. పార్కు కట్టాలని ఒక కమిటీ వేసుకున్నారు. ఊరి చుట్టూ అంత బీడు పడి ఉండగా వాళ్ల కళ్లు మా తాలీం మీదే పడ్డాయి.

తాలీం అంటే ఒక రేకుల కొట్టం, దాని ముందు కుస్తీ గోదా. మజ్జిగ, నూనె, పసుపు కలిపి ఆ మట్టిని మా ఉస్తాద్ ఏళ్ల తరబడి వెన్నలా చేశాడు. హోలీనాడు అక్కడే కుస్తీలు. మొదటి కుస్తీ గెలిచినవాడికి కొబ్బరికాయ, చివరిది గెలిచినవాడికి వెండి కడియం. బడి గడప తొక్కని నాబోటి హమాలీలకు ఏడాది మొత్తంలో ఊరు చప్పట్లు కొట్టేది ఆ ఒక్కనాడే.

కమిటీ సేటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఉస్తాద్, గీ మట్టిల పొర్లుడు ఇంకెన్నొద్దులు? బెంచీలేస్తం, రేడియో పెడ్తం. దర్జాగ కూసోని వినుండ్రి."

"కూసునుడు నేర్సుకునేతందుకు పార్కెందుకు సేటు? నీ గద్దీ కాడికొస్తే సాలదా?"

"మజాక్ జెయ్యకు. హోలీకి పెద్దాఫీసరు వస్తుండు."

"మరి కుస్తీలు?"

"గచ్చు మీద పట్టుండ్రి. ఒంటికి మట్టంటదు, సాఫ్‌గుంటది!"

ఇదీ వాళ్ల తెలివి! మేస్త్రీలు తవ్వి రోడ్డు పక్కన పారబోసిన గోదా మట్టిని మేము పత్తి బోరాల్లో ఎత్తి, వాగు గడ్డన పరిచాం.

హోలీ వచ్చింది. గచ్చు చుట్టూ జనం, కుర్చీలో ఆఫీసరు. ఉస్తాద్ కొబ్బరికాయతో నడిమికి వచ్చాడు.

"సేటూ, పయిలాటి కుస్తీ నువ్వే పట్టు. రా!"

జనం గొల్లుమన్నారు. సేటు ధోవతి సర్దుకున్నాడే తప్ప లేవలేదు. ఉస్తాద్ కాయను గచ్చుకేసి కొట్టాడు. నాలుగు చెక్కలైంది.

"సూసిండ్రా? మా పోరల నెత్తి గూడ గిట్లనే అయితది. నడువుండ్రిరా, వాగు కాడికి!"

మేము కదిలాం. మా వెనక ఊరంతా కదిలింది. పార్కులో మిగిలింది కమిటీ, ఆఫీసరు, రేడియో. వాగు దగ్గర మేం వేసే ఈలలు అక్కడిదాకా వినిపిస్తుంటే, సేట్లు రేడియో గొంతు పెంచించి బిగుసుకుని కూర్చున్నారట. వినోదించారు పాపం!