గాలి ఎటేపమ్మా?

మా ఎదురింటి మావయ్య పోయారన్న కబురు నాకు జంషెడ్‌పూర్‌లోని సాక్చీ బజారులో అందింది. అప్పుడే నా ఆఫీసు షట్టర్ ఎత్తి కుర్చీ దుమ్ము దులుపుతున్నాను. ఫోన్లో అత్త గొంతు మామూలుగానే ఉంది. "మీ మావయ్య నిద్దట్లోనే ఎలిపోయారే. టీ ఎట్టి లేపితే లేవలేదు. నువ్వు వత్తావా?" అంది. వస్తున్నానని చెప్పి షట్టర్ దించాను. తాళం వేయడం మరిచిపోయానని సాయంత్రం పక్క దుకాణం వాళ్లు చెప్తేగాని తెలియలేదు.

మావయ్యంటే మేనమామ కాదు. సీతారాండేరాలో మా వీధి నిండా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. వరసలు కలుపుకోకపోతే మాకు ఊపిరాడదు. ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపారు. ఆ తర్వాత ఆదిత్యపూర్‌లో చిన్న లేత్ షాపు పెట్టి, బాగానే సంపాదించి, ఓపిక తగ్గాక అమ్మేశారు. పిల్లలు లేరు. బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రం మిషన్ల చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ పెద్దదైపోయింది. వాళ్లింట్లో ఆయన ఉప్పు అడిగితే మా వంటింట్లో వినిపించేది.

ఆ మనిషి గోల్ఫ్ ఆడేవారంటే బంధువులు ఇప్పటికీ నమ్మరు. ఉద్యోగంలో ఉండగా ఒక ఆఫీసరుకి ఆదివారం ఆటలో నాలుగో మనిషి దొరక్క ఈయన్ని లాక్కెళ్లాడట. ఆ ఆఫీసరు బదిలీ అయి వెళ్లిపోయాడు గాని ఈయనకి ఆట పట్టుకుంది. అప్పట్లో ఆయన ఆడిన మైదానంలో బంతి పడాల్సిన గుంత, అదే హోల్, దాని చుట్టూ పచ్చిక ఉండేది కాదు, నూనె కలిపి చదును చేసిన ఇసుక ఉండేది. ఆఖరి చిన్న దెబ్బ కొట్టే ముందు బంతి నుంచి హోల్ దాకా ఆ ఇసుకని తిన్నగా దువ్వి దారి చేసుకోవాలి. ఆ అలవాటు ఆయన చేతికి ఉండిపోయింది. ముఖ్యమైన మాట ఏదైనా చెప్పే ముందు ఎదురుగా ఉన్న బల్లని అరచేత్తో ఒక్కసారి తిన్నగా దువ్వేవారు. అది చూడగానే అత్త, "ఏటో పెద్ద మాటే వత్తంది, కాసుకోండి" అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వరండాలో బల్లని అలాగే దువ్వి, "సముద్రం ఒడ్డున గోల్ఫ్ ఆడాలమ్మా. మామూలుగా కాదు, దర్జాగా" అన్నారు.

నాది చిన్న ట్రావెల్ ఆఫీసు. పూరీ, తిరుపతి, వైష్ణోదేవి, అంతటితో నా ప్రపంచం సరి. స్కాట్లాండ్, ఐర్లాండ్ తీరాల్లో పేరు మోసిన గోల్ఫ్ మైదానాలు ఉంటాయని ఆయన తెచ్చిన పత్రికలోనే మొదటిసారి చూశాను. ఇసుక దిబ్బలు, వాటి మీద పొడుగాటి గడ్డి, వెనకాల బూడిద రంగు సముద్రం.

"మా ఊరి ఒడ్డు ఇలాగే ఉండీది. జీడితోట దాటితే ఇయ్యే దిబ్బలు. ఆ గాల్లో నిలబడి ఒక్కపాలి బంతి కొట్టాలమ్మా" అన్నారు.

"అయితే మీ ఊరే వెళ్లొచ్చు కదా మావయ్యా?"

"అక్కడ కొడితే మా బావ మేకలకి తగుల్తాది."

అప్పటి నుంచి ఆదివారాలన్నీ ఆ ప్రయాణానివే. ఏ మైదానంలో ఆడడానికి ఎన్ని నెలల ముందు అడగాలో, ఏ హోటల్ గది కిటికీ సముద్రం వైపు ఉంటుందో, కర్రల సంచి మోసే మనిషిని ఎలా మాట్లాడుకోవాలో అన్నీ నేర్చుకున్నాను. దర్జా విషయంలో మావయ్య మెట్టు దిగలేదు. ఊరి నుంచి ఊరికి నల్ల కారు ఉండాలి. డ్రైవరు టోపీ పెట్టుకోవాలి. పొద్దున్నే వెండి కెటిల్‌లో టీ రావాలి.

అత్త మా వరండా మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "బంతిని కర్రతో కొట్టడానికి ఇమానం ఎక్కాలా? అక్కడ నాకేటి పని?" అనేది.

"కిటికీ కాడ కూకుని సముద్రం సూద్దువుగాని."

"ఆ కిటికీలో ఎండుచేపలు ఎండెట్టనిత్తారేటి?"

ఆయన నావైపు తిరిగి, నవ్వకుండా, "ఓపాలి అడిగి సూడమ్మా" అనేవారు.

తీరా టికెట్లు తీసే వేళకి ఆయన కళ్లు మసకబారాయి. షుగరు వల్ల వచ్చిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పారు. తను కొట్టిన బంతి తనకే కనిపించక తోటివాళ్లు వెతికిపెట్టిన రోజున, ఆయన కర్రల సంచి తెచ్చి మంచం కిందికి తోసేశారు. మా ఇంటికొచ్చి, "అన్నీ కేన్సిల్ చేసేయమ్మా" అన్నారు, బల్లని దువ్వకుండానే. ఆయన వెళ్లాక నేను ఏడ్చాను. ఎంతమందినో దేవుడి దర్శనానికి పంపించాను గాని, ప్రాణం పెట్టి అల్లిన ప్రయాణం అదొక్కటే. అది కాస్తా గుమ్మం దాటలేదు.

మరుసటి ఆదివారం ఆయన రారనే అనుకున్నాను. భోజనాల వేళ దాటాక తన ప్లాస్టిక్ కుర్చీ తనే మోసుకుంటూ వీధి దాటి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నెత్తిన టోపీ. కూర్చుని, "ఎల్దామా?" అన్నారు.

"ఎక్కడికి మావయ్యా?"

"అదేటి! దారంతా నీకే తెలుసు కదా. నువ్వు సూసి సెప్పు, నాను ఆడతాను."

అలా బయల్దేరాం. నేను ఫోన్లో ఫొటోలు, మైదానం పటాలు పెట్టుకుని చెప్పేదాన్ని. తెల్లారింది మావయ్యా, మంచు ఇంకా విడలేదు, డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు, దిబ్బ ఎక్కగానే సముద్రం కనిపిస్తోంది అంటూ. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ప్రతి హోల్ దగ్గరా మొదటి ప్రశ్న ఒకటే: "గాలి ఎటేపమ్మా?" అది చెప్పందే కర్ర ఎత్తేవారు కాదు. స్కాట్లాండ్ గాలి నాకేం తెలుసు? ఎదురుగా మావయ్య వాళ్ల గోడవారన దండెం మీద ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి చెప్పేదాన్ని. చిన్న దెబ్బకి గాలితో పనేముందన్నా వినేవారు కాదు. మా అమ్మాయి గుమ్మంలోంచి తొంగి చూసి, "నానాజీ ఫిర్ స్కాట్లాండ్ చలే గయే క్యా?" అంటూ, తాతయ్య మళ్లీ స్కాట్లాండ్ వెళ్లిపోయారా అని హిందీలో అడిగి నవ్వుకుంటూ పోయేది.

ఆయన మీది ప్రేమ కొద్దీ బంతిని ప్రతిసారీ తిన్నగా పంపించేదాన్ని. ఆయన ఒప్పుకునేవారు కాదు.

"నానంత బాగా కొట్టనమ్మా. ఇసకలో పడేయ్."

"పోనీలెండి మావయ్యా, ఎవరు చూడొచ్చారు?"

"పడ్డకాడి నుంచే ఆడాలి. లేపోతే అంత దూరం ఎల్లడం ఎందుకు?"

హోల్ దగ్గరికి చేరాక బల్ల మీది గుడ్డని తన వైపు నుంచి టీ గ్లాసు దాకా అరచేత్తో దువ్వేవారు. అక్కడంతా పచ్చిక మావయ్యా, అలా దువ్వితే తప్పు పడుతుంది అంటే, "జంషెడ్‌పూర్ నుంచి వచ్చాడు, తెలీదులే అని ఒగ్గేత్తారు" అనేవారు. ఆ మధ్యాహ్నాల్లో నాకు నిజంగానే చెవుల్లో అలల హోరు వినిపించేది. కొళాయి నీళ్లు వచ్చాయని వీధిలో ఎవరో కేకేస్తేనే మళ్లీ మా ఊళ్లో పడేవాళ్లం.

కిందటి నెలలో ఆఖరి మైదానానికి, అందులో ఆఖరి హోల్‌కి చేరాం. బంతి హోల్‌కి రెండు బారల దూరంలో ఆగిందని చెప్పాను. ఆయన గుడ్డని దువ్వారు. గాలి అడిగారు, చెప్పాను. ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు.

"ఇయ్యాల్టికి ఉండనీ. ఇది కొట్టేత్తే ఇంటికి ఎల్లిపోవాలి."

"ఇల్లు ఎదురుగానే ఉంది కదా మావయ్యా" అని నవ్వాను. ఆయన కూడా నవ్వి, కుర్చీ ఎత్తుకుని వీధి దాటారు. ఆ మంగళవారమే అత్త ఫోన్ చేసింది.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం నేను వరండాలోకి రాకుండా లోపలే ఏదో సర్దుతూ ఉన్నాను. బయట కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. అత్త. ఆయన కుర్చీ మోసుకొచ్చి, ఆయన కూర్చునే చోటే వేసుకుని కూర్చుంది. అంతకుముందు ఆమె ఎప్పుడూ మెట్లు దాటి పైకి వచ్చి కూర్చోలేదు.

"ఆయన బంతి అక్కడే ఉండిపోనాది కదే" అంది.

ఇన్నాళ్లూ చిక్కుడుకాయల మీదే ధ్యాస ఉన్నట్టు కూర్చున్న మనిషి ఒక్క దెబ్బ కూడా వదలకుండా విన్నదని నాకు అప్పుడు తెలిసింది.

"నువ్వు సూసి సెప్పు. నాను కొడతాను."

"జానెడు దూరమే ఉంది అత్తా" అన్నాను.

"అబద్ధమాడకు. రెండు బారలన్నావు ఆ రోజు."

ఔను, రెండు బారలే అన్నాను. అత్త ముందుకు వంగి, బల్ల మీది గుడ్డని తన వైపు నుంచి టీ గ్లాసు దాకా అరచేత్తో నెమ్మదిగా, తిన్నగా దువ్వింది. చెయ్యి అక్కడే ఉంచి, "గాలి ఎటేపే?" అంది.

తలెత్తి చూశాను. ఎదుటి దండెం మీద ఆమె చీర ఒక్కటే ఉంది. ఎండలో కదలకుండా వేలాడుతోంది. లేదని చెప్పాను. గాలి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.