శుక్లం కాదన్నారు

అనకాపల్లిలో ఒక బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మరిడమ్మకు షుగరుందని చాలా ఏళ్ళ కిందటే తెలిసింది. మాత్రలు గుర్తుంటే వేసుకునేది, లేకపోతే లేదు. తెల్లారి ఇంట్లో వంట, ఆ తర్వాత బడిలో వంట, పొద్దు వాలేసరికి మళ్ళీ ఇంట్లో పొయ్యి. నొప్పీ సలుపూ లేనిదాన్ని రోగమనుకునే తీరిక ఆమెకు లేదు.

కిందటి వేసవిలో కుడికంటి ముందు వెంట్రుకలాంటిదేదో తేలడం మొదలైంది. తలవెంట్రుకే జారిందనుకొని చేత్తో తోసుకునేది. అది పోయేది కాదు. చూపు ఎటు తిప్పితే అటే వచ్చేది. కొన్నాళ్ళకు అంతా పొగపట్టినట్టయింది. పొయ్యి దగ్గర బతుకు కాబట్టి పొగేననుకుంది.

బడులు తెరిచాక ఒకరోజు అన్నంలో రాళ్ళు తగిలి పిల్లలు కంచాలు పక్కన పెట్టేశారు. ఆ బియ్యం ఏరింది మరిడమ్మే. ఆమెతో కలిసి వండే తోటికోడలు బుల్లమ్మ మిగిలిన బియ్యం చేటలో పోసుకొని చూసింది.

"ఇన్నొదిలేసేవేటే మరిడీ?"

"కనబళ్ళేదక్కా."

"నాకూ ఒక కన్ను మసకే. కళ్ళ క్యాంపు పెడతారంట, ఇద్దరం పోదాం."

ఇద్దరూ వెళ్ళారు. కళ్ళల్లో చుక్కల మందు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. బుల్లమ్మకు శుక్లమన్నారు, ఆపరేషన్‌కు ఎప్పుడు రావాలో చెప్పారు. మరిడమ్మ వంతు వచ్చేసరికి డాక్టర్ సుచిత్ర లైటు వేసి చాలాసేపు చూసింది.

"మీది శుక్లం కాదమ్మా. షుగర్ వల్ల కంటి వెనక సన్నటి రక్తనాళాలు పాడయ్యాయి. లోపల రక్తం కారింది. కుడికన్ను బాగా దెబ్బతింది, ఎడమకంట్లో ఇప్పుడే మొదలవుతోంది."

"నాకూ ఆపరేషన్ సేసెయ్యండమ్మా. అక్కకి సేత్తన్నారు కదా."

"ఇది తీసి పారేసే పొర కాదమ్మా. విశాఖపట్నం నాలుగైదుసార్లు వెళ్ళి లేజర్ చేయించుకోండి. పోయిన చూపు రావడం కష్టం. ఉన్నది పోకుండా చూసుకోవాలి."

"రక్తం కారితే నొప్పెట్టాలి కదమ్మా?"

"ఇందులో నొప్పి ఉండదు. అందుకే అందరూ ఆలస్యంగా వస్తారు."

ఇంటికొచ్చి చెబితే భర్త ఎర్రయ్యకు అర్థం కాలేదు. "బుల్లమ్మకి ఒక్క రోజులో అయిపోతాది, నీకేటి ఇన్నిసార్లు తిరగడం?" అన్నాడు.

"నాకేటి తెలుసు. ఆళ్ళు సెప్పింది సెప్పేను."

అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే కూతురు ఇందు సెలవులు పెట్టి తల్లిని తీసుకెళ్ళేది. బస్సులో నిలబడడం, ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా కూర్చోవడం. గడ్డం మిషన్‌కి ఆనించి కన్ను తెరిస్తే పచ్చటి వెలుగు చటుక్కు చటుక్కున కొట్టేది. ఒక్కో వెలుగూ తల లోపలెక్కడో సూదిలా దిగేది. కుడికంట్లో ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. బయటికొస్తే ఎండ చూడలేక కొంగు ముఖం మీదికి లాక్కొని నడిచేది.

ఈలోగా ఆపరేషన్ అయి, బుల్లమ్మ నల్ల కళ్ళద్దాలు కూడా తీసేసింది. "గోడ మీద పాకే సీమ కూడా కనబడతందే" అంది సంబరంగా. "మంచిదక్కా" అని మరిడమ్మ బియ్యం కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏరడం ఇప్పుడు బుల్లమ్మే చేస్తోంది. కూరలు కూడా తనే తరుగుతానంది. మరిడమ్మ కాదనలేదు. గిన్నెలు తోమడం, గంటె తిప్పడం ఆమెకు మిగిలాయి.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఇందు బ్యాగు సర్దుతుంటే మరిడమ్మ మంచం దిగలేదు.

"నాను రాను. ఎన్నిసార్లెల్లినా ఈ కన్ను అలగే ఉంది. నీకు సెలవులు దండగ, నాకు ఒళ్ళు అలుపు. ఒక కన్నుంది కదా, సాలు."

ఇందు బ్యాగు పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. "ఆ ఒక్కదాని కోసమే కదే అమ్మా ఎల్తన్నాం."

మరిడమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఇందు లేవలేదు. కొంతసేపటికి తల్లే లేచి జుట్టు ముడేసుకుంది.

"ఏ బస్సుకి?" అంది.

ఆ తర్వాత మాత్రలు తప్పకుండా వేసుకుంది. టీలో పంచదార మానేసింది. నాలుక ఒప్పుకోలేదు, అయినా తాగింది. లేజర్ పూర్తయి కొన్ని నెలలకు చూపించుకోవడానికి వెళితే, అక్కడి డాక్టరు రెండు కళ్ళూ పరీక్షించి, ఎడమకన్ను ఎలా ఉండేదో అలాగే ఉందన్నాడు.

"అలగే అంటే మంచిదా బాబూ?"

"చాలా మంచిదమ్మా. కుడికన్ను గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. మళ్ళీ మూడు నెలలకు రండి."

తిరుగు బస్సులో సీటు దొరికింది. లంకెలపాలెం దాటకముందే మరిడమ్మ కూతురి భుజం మీద నిద్రపోయింది.

ఇల్లు చేరినా చుక్కల మందు మసక ఇంకా వదల్లేదు. తడిగుడ్డ కళ్ళ మీద వేసుకొని చాప మీద వాలింది. ఎర్రయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటన్నారు?"

"అలగే ఉందంట."

మరేమైనా చెబుతుందేమోనని అతను కొంచెంసేపు నిలబడ్డాడు. ఆమె అప్పటికే నిద్రలోకి జారింది. చప్పుడు కాకుండా లోపలికెళ్ళి, బియ్యం కొలిచి, పొయ్యి వెలిగించాడు.