పదిహేనుకు మూడు మార్కులు

క్లాసులో వసంతలక్ష్మి కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. జంషెడ్‌పూర్‌లోని ఆ కాలేజీ జువాలజీ శాఖలో ఇరవై రెండేళ్ళుగా నిలబడే పాఠం చెబుతోంది. పెళ్ళయి విజయనగరం నుంచి అగ్రికో కాలనీలో భర్త క్వార్టరుకు వచ్చాక ఒకప్పుడు పరిశోధన చేద్దామనుకుంది. ఇద్దరు పిల్లలు, అత్తగారి పక్షవాతం, ఆ తరవాత వయసు. గైడుగా ఉండమని ఎవరినైనా అడగడానికే మొహమాటమేసింది. పోయిన పరిశోధనకు బదులు పాఠాన్ని గట్టిగా పట్టుకుంది. ఆమె చెప్పినది చెప్పినట్టు రాసిన పిల్లలకు ఫస్టు క్లాసు ఖాయం. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎర్రపెన్ను ఊరుకునేది కాదు. పిల్లలు తనంటే భయపడతారని తెలిసి లోలోపల కాస్త సంతోషపడేది కూడా.

2001 ఆగస్టులో ఒకరోజు ఎమ్మెస్సీ రెండో ఏడాది పిల్లలకు పిండం తొలి దశల పాఠం చెబుతోంది. కప్ప గుడ్డు రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. చూడ్డానికి కణాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అయినా నువ్వు కండగా మారాలి, నువ్వు చర్మంగా మారాలి అని కణాలకు కబుర్లు అందుతాయి. ఆ కబురు కణం పైపొర దగ్గర దిగి లోపలి కేంద్రకం దాకా చేరాలి. మోసుకెళ్ళేవి మూడు ప్రోటీన్లు. మొదటిది రెండోదాన్ని తట్టి లేపుతుంది, రెండోది మూడోదాన్ని. కణం లోపల సంతలా కిక్కిరిసి ఉంటే ఈ మూడూ ఒకదానికొకటి ఎదురుపడేది ఎప్పుడు? అందుకని ఇంకో ప్రోటీను ఉంటుంది. తాను కబురు మొయ్యదు, మోసే మూడింటినీ పక్కపక్కన కూర్చోబెడుతుంది. దాన్నే స్కాఫోల్డ్ ప్రోటీను అంటారు.

"స్కాఫోల్డ్ ఎంత ఎక్కువుంటే కబురు అంత జోరుగా చేరుతుంది. రాసుకోండి," అంది వసంతలక్ష్మి.

కిటికీ పక్క బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. ప్రిస్సీ. పర్సుడీహ్ నుంచి వచ్చే తెలుగు క్రైస్తవుల పిల్ల. తండ్రి తోమాస్ కాంట్రాక్టరు కింద ఫిట్టరు.

"మేడమ్, హమేషా? ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంటే?"

"స్కాఫోల్డ్ మరీ ఎక్కువైపోతే కబురు తగ్గిపోదా మేడమ్?"

"ఏ పుస్తకంలో ఉంది?"

"కితాబ్‌లో కాదు మేడమ్. సోచా. నాకే అనిపించింది."

వెనక బెంచీ నుంచి ఎవరో గట్టిగానే అన్నారు. "సోచ్‌నే కా డిపార్ట్‌మెంట్ ఊపర్ హై!" ఆలోచించే శాఖ పైనుందని. పై అంతస్తులో తత్వశాస్త్ర శాఖ ఉంది. క్లాసంతా ఘొల్లున నవ్వింది. వసంతలక్ష్మి ఆపలేదు. ఆమె కూడా నవ్వింది.

ఆ నెలాఖర్లోనే హైదరాబాదులోని ఒక పరిశోధనాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఆరు నెలల శిక్షణకు కాలేజీకి ఒక పేరు పంపమన్నారు. బాగా చేసినవాళ్ళను అక్కడే పీహెచ్‌డీకి తీసుకుంటారన్న సంగతి అందరికీ తెలుసు. శాఖలో ఒక పరీక్ష పెట్టి, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళ పేరు పంపాలని హెడ్ నిర్ణయించాడు. ప్రశ్నలివ్వడం, దిద్దడం వసంతలక్ష్మి పని. పదిహేను మార్కుల ప్రశ్న స్కాఫోల్డ్ ప్రోటీన్ల మీదే ఇచ్చింది.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. నందిత అనే అమ్మాయి నోట్సు మక్కీకి మక్కీ దించింది, ఆ పిల్లకు వసంతలక్ష్మి పన్నెండు వేసింది. తరవాత ప్రిస్సీ కాగితం.

ఆ పిల్ల నాలుగు పేజీలు రాసింది. ఒక ఇనప దూలం ఎత్తి బిగించాలంటే ఫిట్టరు, వెల్డరు, క్రేనువాడు ముగ్గురూ ఒకచోట ఉండాలని మొదలుపెట్టింది. మొత్తం ముగ్గురు ఫిట్టర్లు, ముగ్గురు వెల్డర్లు, ముగ్గురు క్రేనువాళ్ళు ఉన్నారనుకోండి. పని పెట్టిన చోట్లు మూడైతే మూడు పనులూ అవుతాయి. అదే తొమ్మిదిచోట్ల పెడితే ఒకచోట ఫిట్టరు, ఇంకోచోట వెల్డరు, మరోచోట క్రేనువాడు. అందరూ హాజరే, పని మాత్రం ఎక్కడా అవదు. స్కాఫోల్డ్ సంగతీ అంతే అయ్యుండాలి. కబురు మోసే ప్రోటీన్లు లెక్కగానే ఉన్నప్పుడు స్కాఫోల్డ్‌లు ఎక్కువైతే ఒక్కో దాని మీద ఒక్కో ప్రోటీను ఒంటరిగా కూర్చుంటుంది. కింద గీత గీసింది. గీత మెల్లగా పైకెక్కి, ఏనుగు వీపులా వంగి, మళ్ళీ కిందికి దిగింది.

వసంతలక్ష్మి కాఫీ చల్లారిపోయింది. ఆ గీతను రెండోసారి చూసింది. 'ఇలాగే అయ్యుండాలి' అనుకుంది. అలా అనుకున్న సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు. వెంటనే మొహం వేడెక్కింది. ఇరవై రెండేళ్ళు చెప్పిన పాఠానికి, ఇంట్లో తండ్రి అన్నం తింటూ చెప్పిన కబురు తెచ్చి సమాధానం రాస్తుందా? హైదరాబాదులో ఇదే విషయం చదువుకున్న స్నేహితురాలు ఉంది. ఒక ఫోను చేస్తే తెలిసిపోయేది. ఫోను అవతలి గదిలోనే ఉంది. లేవలేదు. 'కథలు వద్దు' అని అంచున రాసి, పదిహేనుకు మూడు వేసింది.

మొత్తం మీద నందిత రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది. హైదరాబాదు వెళ్ళింది.

ప్రిస్సీ స్టాఫ్ రూముకు వచ్చి, కాగితం చూపించి, "మేడమ్, ఇందులో గలతీ... తప్పు ఎక్కడుంది?" అని అడిగింది.

"ఆధారం లేని మాట సైన్సు కాదమ్మా," అంది వసంతలక్ష్మి.

"జీ మేడమ్," అని వెళ్ళిపోయింది. ఆ తరవాత క్లాసులో చెయ్యెత్తలేదు. సెకండు క్లాసులో పాసయింది. పర్సుడీహ్‌లో ఏదో బడిలో టీచరుగా చేరిందని ఎవరో అన్నారు.

2003 డిసెంబరులో లెక్చరర్లకు రాంచీలో మూడు వారాల తరగతులు పెట్టారు. ఒక మధ్యాహ్నం బయటినుంచి వచ్చిన శాస్త్రవేత్త ప్రొజెక్టరు మీద ఒక ప్లాస్టిక్ కాగితం పెట్టాడు. గోడ మీద ఒక గీత పడింది. మెల్లగా ఎక్కి, వంగి, దిగింది.

"కప్ప గుడ్లలో చూశారు," అన్నాడాయన. "స్కాఫోల్డ్ కొద్దిగా ఇస్తే కబురు పెరిగింది. ఎక్కువ పోస్తే అణిగిపోయింది."

పక్కవాళ్ళు రాసుకుంటున్నారు. వసంతలక్ష్మి నోట్సు మూసేసింది. టీ వేళ ఆయన దగ్గరికి వెళ్ళి ఇది ఎప్పుడు తెలిసిందని అడిగింది. నాలుగైదేళ్ళయిందమ్మా, సైన్సు పత్రికల్లో వచ్చింది కదా అన్నాడు. అంటే కాగితాలు దిద్దిన ఆ ఆదివారం నాటికే అచ్చులో ఉంది.

ఇంటికి వచ్చాక భర్తకు చెప్పింది, సగమే. ఒక పిల్ల సరైన జవాబు రాస్తే తెలీక తప్పు పెట్టాను అంది. సూర్యప్రకాశ్ కంపెనీలో ఇంజినీరు, తెగేసి మాట్లాడే మనిషి.

"రెండేళ్ళయింది కదే. ఇప్పుడెళ్ళి ఆ పిల్లకి గుర్తుచేసి ఏటి సాధిత్తావు? మా దగ్గర ఇన్‌స్పెక్షన్‌లో రోజుకి పది తప్పులు. ఒక్కడైనా ఇంటికెళ్ళి సారీ చెప్పేడా?"

రెండు వారాలు అన్నం సయించలేదు. పిల్లల కాగితాలు దిద్దబోతే పెన్ను మూత తియ్యడానికే చెయ్యి రాలేదు. ప్రిస్సీకి ఇరవై నాలుగేళ్ళు. ప్రాజెక్టుల్లో చేరడానికి వయసింకా దాటలేదు. హైదరాబాదు పరిశోధనాలయానికి సిఫారసు ఉత్తరం రాస్తే మళ్ళీ ఒక అవకాశం రావచ్చు. అలా అనుకున్నాకే కాళ్ళు కదిలాయి.

జనవరిలో ఒక ఆదివారం బిష్టుపూర్‌లో ఆటో ఎక్కి పర్సుడీహ్‌లో దిగింది. చర్చి నుంచి జనం ఇళ్ళకు చేరే వేళ. బడి పేరు చెబితే ఒకావిడ ఇల్లు చూపించింది. రెండు గదులు, ముందు వరండా. వరండాలో నల్లబల్ల ఎదుట ఏడెనిమిదిమంది పిల్లలు బిగ్గరగా ఏదో వల్లిస్తున్నారు. చీర కొంగు బొడ్లో దోపి ప్రిస్సీ నిలబడి ఉంది.

"అప్‌నే మన్ సే కుఛ్ నహీ! సొంతంగా ఒక్క ముక్క రాయొద్దు. కితాబ్‌లో ఉన్నదే రాయండి," అంటోంది. వెనక్కి తిరిగి, "అరే, మేడమ్!" అని సుద్దముక్క కింద పడేసింది. పిల్లల్ని పంపేసింది.

లోపలినుంచి తల్లి సువర్ణకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రండి మేడమ్‌గారూ, కూసోండి. ఏటే ప్రిస్సీ, అలా సూత్తావేటి, ఆ కుర్చీ మీద బట్టలు తియ్యి! మీరు మా ఇంటికి రావడమేటండీ!"

తోమాస్ చర్చి చొక్కాతోనే వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. వసంతలక్ష్మి కూర్చుంది. దారంతా కూడబలుక్కున్న మాటలు చెప్పింది. ఆ జవాబు సరైనదని, కప్ప గుడ్ల మీద రుజువైందని, తాను మూడు మార్కులు వెయ్యడం తప్పని, పన్నెండో పదమూడో వేసుంటే హైదరాబాదు వెళ్ళాల్సింది ప్రిస్సీయేనని, ఇప్పుడైనా అక్కడికి సిఫారసు ఉత్తరం రాస్తానని.

ముందుగా తోమాసే తేరుకున్నాడు. "నాను సెప్పలేదేటే! తొమ్మిది సోట్ల పని పెడితే ఒక్క పనీ అవ్వదని! ఆ కాంట్రాక్టరుగాడికీ సెప్పేను, ఇన్నాడు కాదు. మేడమ్, నాకూ ఓ సర్టిఫికెట్ ఇప్పించండి."

"సాల్లే, ఊరుకో," అంది సువర్ణకుమారి. ఆమె కళ్ళు తడిశాయి. "ఎంత పెద్దమనసండీ మీది. తప్పయిందని సెప్పడానికి ఇంత దూరం వత్తారా ఎవరైనా? టీ పెడతాను."

ప్రిస్సీకి ఇవేవీ వినబడినట్టు లేదు. స్టూలు ముందుకు లాక్కుంది. "సచ్ మే? నిజంగా పడిపోయిందా మేడమ్? ఎంత ఇస్తే పడింది? మూడు ప్రోటీన్లూ పెంచి చూశారా? పెంచితే మళ్ళీ లేవాలి కదా?"

"తెలీదమ్మా," అంది వసంతలక్ష్మి. అడగాలని ఆమెకు తోచనే లేదు.

"నేను తప్పే అనుకున్నాను మేడమ్. మీరు తప్పన్నారు కదా. ఆ తరవాత ఏది తోచినా ముందు బుక్ వెతుక్కునేదాన్ని. అందులో లేకపోతే వదిలేసేదాన్ని." నవ్వింది. "జానే దీజియే మేడమ్, పోనివ్వండి. మీరు బాధపడొద్దు. తెలీక వేశారు. అప్పుడు ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు?"

టీ వచ్చింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సాసరు ఆమె కప్పు కింద పెట్టారు. తెలీక వేశారన్న ఆ మాట పట్టుకుని, టీ తాగి, ఉత్తరం రాసిస్తానని లేచి వెళ్ళిపోవచ్చు. వీధి చివరిదాకా వచ్చి దండం పెట్టి పంపుతారు. వసంతలక్ష్మి కప్పు కింద పెట్టింది.

"తెలీక కాదు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నీ గీత చూసిన రోజే నాకు అనిపించింది, ఇదే నిజమై ఉంటుందని. ఫోను చేసి కనుక్కోవచ్చు. చెయ్యలేదు. అందరిముందూ నన్ను ప్రశ్న వేశావని కోపం. ఆ కోపంతో వేశాను మూడు."

సువర్ణకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తోమాస్ కూతురి వైపు చూశాడు, తరవాత వీధిలోకి చూశాడు. "మా కాడా అంతే మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "ఫోర్‌మన్‌కి ఎదురు సెప్పినోడికి ఆ నెల హాజరు కట్. మీరు సదువుకున్నోళ్ళు, మీ కాడ అలా ఉండదనుకున్నాను."

ప్రిస్సీ ఏడవలేదు, కోప్పడలేదు. స్టూలు మాత్రం వెనక్కి జరిపింది.

"ఉత్తరం రాస్తానన్నారా మేడమ్, హైదరాబాదుకి?"

"ఆఁ. రాద్దామనే వచ్చాను."

"ఇక్కడే రాయండి."

లోపలికి వెళ్ళి తెల్లకాగితాలు, నీలం పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. వసంతలక్ష్మి ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. ఈ అమ్మాయి తెలివైనది. 2001లో శిక్షణకు ఎంపిక కావలసినది. పరీక్ష కాగితం దిద్దడంలో పొరపాటు వల్ల...

వెనక నిలబడి చదువుతున్న ప్రిస్సీ ఒక వేలు ముందుకు చాపి 'పొరపాటు' అన్న మాట మీద పెట్టింది. ఇన్నేళ్ళలో వసంతలక్ష్మి రాసిన దాని మీద ఎవరూ వేలు పెట్టలేదు. కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. జవాబు సరైనదై ఉండవచ్చని తెలిసీ, ఇష్టం లేక తానే మార్కులు తగ్గించానని రాసింది. కింద సంతకం పెట్టి, పేరూ హోదా రాసింది. కప్పులో టీ మీద మీగడ కట్టింది.

ప్రిస్సీ కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. "కాలేజీ ముద్ర కావాలి మేడమ్. హెడ్ సంతకం కూడా."

హెడ్ చదువుతాడు. ఆయన చదివితే స్టాఫ్ రూమంతా చదివినట్టే. "రేపు పదింటికి కాలేజీకి రా. ఇద్దరం కలిసి అడుగుదాం," అంది వసంతలక్ష్మి.

"నేను రాను మేడమ్. నాకు బడి ఉంది." కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది. "మీరే తీసుకెళ్ళండి."

తోమాస్ చెప్పులు వేసుకున్నాడు. "రండి మేడమ్, ఆటో ఎక్కిత్తాను." వీధి మలుపుదాకా ఆయన ముందు, ఆమె వెనక నడిచారు. ఆటోలో కూర్చున్నాక ఆ కాగితాన్ని సంచిలో పెట్టబోయి, నలుగుతుందేమోనని ఆగి, ఇల్లు చేరేదాకా ఒళ్ళోనే పట్టుకుంది. మర్నాడు తొమ్మిదిన్నరకే హెడ్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది.