ఆండాళక్క నడుము మీద పిండిదీపం

తుంటి ఎముకలో ముక్క తీసి వెన్నుకు అతికిస్తే నడుము నొప్పి పోతుందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా మరిది గోపాలు. పత్తి అమ్మడానికి మదురై వెళ్లి, అక్కడెవరో చెప్పగా విని, చెప్పులు విడవకముందే మాకు చెప్పాడు. అతని నోట ఆ మాట పలికించినందుకు నేను దేవుడి గూటి ముందుకు వెళ్లి అమ్మవారికి దండం పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ దండంతోనే మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరుగరు. అందుకే నోరు వస్తోందేమో.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. రాజపాళయంలో మా వీధిలో అందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. రాయాల్సి వస్తే మాత్రం అరవంలోనే రాస్తారు. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఇది తెలుగులో రాస్తున్నది నాయన మీద కృతజ్ఞతతోనే అనుకున్నాను. కాదు. మా వాళ్ల కంటపడినా చదవలేరని రాస్తున్నాను. ఒప్పుకునే చోట కూడా ఇంత పిరికితనం. ఏం మనిషిని నేను?

ఆండాళక్క నా తోడికోడలు, మా బావగారి భార్య. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆమె ఆ ఇంటి చాకిరీ అంతా నెత్తిన వేసుకుని ఉంది. బావిలో నీళ్లు తోడేది, రోట్లో పిండి రుబ్బేది, పత్తి ఏరే రోజుల్లో మంసాపురం వైపు ఉన్న మా చేలో పొద్దస్తమానం వంగి ఉండేది. నేను పురుటికి పడుకున్న ప్రతిసారీ నా వంతు నీళ్లు కూడా ఆమే తోడింది. ఆమె నడుము అట్లా అరిగింది. వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటివి ఉంటాయట, అవి అరిగిపోయి ఎముకా ఎముకా రాసుకుంటున్నాయని మదురై డాక్టరు చెప్పాడు. ఆ మెత్తల్లో కొంత నా కోసం అరిగిందే కదా అనుకుని నేను చాటుగా ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. అప్పుడే మొక్కుకున్నాను. అక్క నడుము బాగైతే ఆ నడుము మీదే మావిళక్కు పెడతానని.

మావిళక్కు అంటే బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసి వెలిగించే దీపం. మా వైపు ఒంట్లో ఏ చోటు బాగైతే ఆ చోట పెడతారు. కడుపు నొప్పి తగ్గితే వెల్లకిలా పడుకోబెట్టి కడుపు మీద పెడతారు, తలనొప్పికి నుదుటి మీద. నెయ్యి అయిపోయేదాకా కదలకూడదు. తర్వాత ఆ పిండిని ప్రసాదంగా తినాలి.

ఆపరేషను అయింది. వెన్ను కంటే, ముక్క తీసిన తుంటి దగ్గరే ఎక్కువ నొప్పి అని అక్క మొదట్లో ఏడ్చేది. ముందొకటి, వెనకొకటి రెండు చిప్పలుగా ప్లాస్టరు కట్టు చేసి, తోలు పటకాలతో బిగించి ఇంటికి పంపారు. నెలల తరబడి అందులోనే పడుకుని ఉండాలి. ఒళ్లు తుడవాలంటే ఒక్కో చిప్పే తీయాలి, రెండూ ఒకేసారి తీయకూడదు. కట్టు లేకుండా లేపకూడదు. కొత్త ఎముక పచ్చిగా ఉంటుంది, కదిలితే అతుక్కోదు అని డాక్టరు నాకే చెప్పాడు. చూసుకునేది నేనని తెలిసి నాకే చెప్పాడు. ఇంట్లో ఇంకెవరికీ అంత వివరంగా తెలియదు.

బాగానే చూసుకున్నాను. ఆమె మలమూత్రాలు నేనే ఎత్తాను. చెమటా ప్లాస్టరూ కలిసి ఉడికిన ఆ వాసన గదిలోంచి పోయేది కాదు. నాకు ఏనాడూ అసహ్యం వేయలేదు. అసహ్యమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నొప్పి తగ్గిందని అక్క నోరారా చెప్పిన రోజు వీధంతా చెప్పుకుని తిరిగాను. మా అమ్మవారే చేసిందన్నాను. ఎదురింటి తాయమ్మ నవ్వి, "ఏమ్మా, ఎముక కోసినది మదురై డాక్టరా, మీ మారియమ్మా? ఇద్దరికీ కూలి ఇస్తారా ఏంది?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. అమ్మవారిని అన్నదని బాధపడ్డానా, నా మొక్కును లెక్కచేయలేదని బాధపడ్డానా? ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

మారియమ్మ కొలుపు వచ్చింది. అక్క ఇంకా కట్టులోనే ఉంది. మొక్కు దీపం వచ్చే ఏడు కొలుపులో పెట్టుకోవచ్చు. ఏ అమ్మవారైనా ఒక ఏడాది ఆగదా? నేనే ఆగలేకపోయాను. అత్త గుడికి వెళ్లింది, మగవాళ్లు చేనికి వెళ్లారు. మధ్యాహ్నం నేను గది అలికి, చాప వేసి, పిండి కలిపాను. ప్లాస్టరు మీద దీపం పెడితే చెల్లదని నాకు నేనే తీర్మానించుకున్నాను. దీపం వేడి ఒంటికి తగలాలి. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

"రెండూ విప్పగూడదని డాక్టరు చెప్పినాడు కదే," అంది అక్క.

"అమ్మవారు చూసుకుంటుందక్కా. ఒక్క గడియ చుమ్మా, ఊరికే అట్లా పడుకో," అన్నాను.

ఆమె నా మీద నమ్మకంతో పటకాలు విప్పనిచ్చింది. రెండు చిప్పలూ తీసి, మంచం మీంచి చాప మీదికి దింపి బోర్లా పడుకోబెట్టాను. కోత మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. దాని మీద ఆకు పరిచి దీపం పెట్టాను. పాట పాడాను. నా గొంతు బాగుందని కూడా అనుకున్నాను ఆ నిమిషంలో. పిండి ముద్ద ఒక పక్క కరిగి, వేడి నెయ్యి వీపు మీదికి జారింది. ఆమె ఒక్కసారిగా ఒళ్లు విరిచింది. నేను గాభరాతో చంకల కింద చేతులు వేసి, చంటిబిడ్డను ఎత్తినట్టు పైకి లాగాను. లోపలెక్కడో ఏదో కదిలింది. నా చేతులకే తెలిసింది. ఆమె అరవలేదు. పెదవి కొరుక్కుంది.

మళ్లీ చిప్పలు వేసి బిగించాను. ఒళ్లు తుడిచాను. ఆ తర్వాత కూర్చుని ఆ పిండి తిన్నాను. తియ్యగా ఉంది. సాయంత్రం తాయమ్మకు కూడా పెట్టాను, ఆమె కళ్లకద్దుకుంది. ఈనాటికీ నెయ్యీ బెల్లమూ కలిసిన వాసన ముక్కుకు తగిలితే అక్కడినుంచి లేచిపోతాను. పండగ రోజుల్లో పైత్యమని చెప్పి తప్పించుకుంటాను.

నొప్పి తిరిగి వచ్చింది. మదురై తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీసి, ఎముక అతుక్కోలేదన్నాడు డాక్టరు. కట్టు ఎప్పుడైనా పూర్తిగా విప్పారా అని అడిగాడు. పక్కన బావగారు నిలబడి ఉన్నారు. తెరకు అవతల బల్ల మీద అక్క పడుకుని ఉంది. అన్నీ వినిపిస్తాయి.

"దురద తాళలేక, మేము చూడనప్పుడు తనే విప్పుకుంటా ఉండింది సార్," అన్నాను.

తడబడలేదు. ముందే అనుకుని పెట్టుకున్న మాట కాదు, ఐనా ఎంత నున్నగా వచ్చింది. కొందరికి కట్టు విప్పకపోయినా అతుక్కోదని, మళ్లీ ఆపరేషను చేసి చూడవచ్చని డాక్టరు అన్నాడు. ఆ మొదటి మాటను పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికాను. విప్పకపోయినా అతుక్కునేది కాదేమో కదా అని. ఎముక సంగతి దేవుడికే తెలుసు. కానీ నేనన్న మాట సంగతి? బావగారు నా మాట నమ్మారు. చెప్పినమాట విననిదానికి రెండోసారి కోయించేది లేదన్నారు. డాక్టరు ఇంకోసారి చెప్పినా వినలేదు. ఆమె నడుము నిలబడటానికి ఉన్న రెండో దారిని మూసింది నా నోరే.

మరునాడు ఆమె తల దువ్వుతున్నాను.

"ఎందుకే అట్లా చెప్పినావు?" అంది, గోడవైపు చూస్తూ.

"అమ్మవారికి చెడ్డపేరు వస్తుందని, అక్కా."

"అమ్మవారికా, నీకా?"

దువ్వెన పక్కన పెట్టాను. "చెప్పేస్తానక్కా. బావతో ఇప్పుడే పొయ్యి చెప్పేస్తాను," అన్నాను.

"సరి. పొయ్యి చెప్పు."

బావగారు వాకిట్లోనే ఉన్నారు. ఆయన దగ్గడం కూడా వినిపిస్తోంది. అక్క ఎదురుచూసింది. నేను మళ్లీ దువ్వడం మొదలుపెట్టాను.

"నువ్వు చెప్పవులే," అంది. "చిక్కు మెల్లిగా తీయి. నొప్పి పెడుతుంది."

ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చెప్పినా నమ్మరనుకుందో, నన్ను ఇంట్లోంచి గెంటేస్తారనుకుందో. ఆమె చెప్పలేదని రూఢి అయిన రోజు నేనేం చేశానో తెలుసా? అమ్మవారికి దీపం పెట్టి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అబద్ధం దాగినందుకు దండం. నేను చేసిన పనులన్నిటిలో తలుచుకుంటే ఒళ్లు జలదరించేది ఇదే. కట్టు విప్పింది మూఢత్వం అనుకోవచ్చు, డాక్టరుతో చెప్పింది భయం అనుకోవచ్చు. ఆ దీపానికి ఏం పేరు పెట్టను?

తర్వాత ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించుకుని నడిచింది. అత్త వచ్చేపోయేవాళ్లందరికీ "దానంతట అదే చెడుపుకొనింది" అని చెప్పేది. నేను పక్కనే ఉండి విస్తళ్లు వేసేదాన్ని. పోయిన ఏడు ఆడి నెలలో, ఆషాఢం రోజుల్లో, జ్వరం వచ్చి ఆండాళక్క పోయింది. వంగిపోయిన ఒళ్లు పాడె మీద చక్కగా ఆనలేదు. ఎవరో అక్కడ కూడా అన్నారు, మాట విని ఉంటే ఇట్లా అయ్యేదా అని. అక్కడైనా నోరు తెరవవచ్చు. తెరవలేదు. నోట్లో చెయ్యి పెట్టి నా గొంతు నేనే బయటికి పెరుక్కోవాలనిపించింది, అంతే.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. అమ్మవారిని అడగడానికి నాకు సిగ్గు. రాశాక గుండెల మీద కొంచెం గాలి ఆడుతోంది, అది కూడా నాకు దక్కవలసింది కాదేమో.

ఒక్కటే అడుగుతాను. ఆండాళక్కను తలుచుకోండి. దురదకు ఓర్వలేక ఏడ్చినప్పుడు కూడా ఆమె ఒక్క పటకా విప్పుకోలేదు. ఈనెపుల్ల అడిగేది, సందులోంచి దూర్చి గీరేదాన్ని. డాక్టరు చెప్పిన మాట ఆమె తు.చ. తప్పకుండా విన్నది. ఒక్కసారి మాత్రం నా మాట విన్నది.