సక్కుబాయి నోరు తెరిచిన ఆదివారం

మా సక్కుబాయి ఒకసారి హైటెక్ సిటీని మూడు రోజులు పస్తు పెట్టింది. కంప్యూటర్లు ఆగిపోయాయి. అమెరికా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఒక కంపెనీవాళ్ళయితే ఇక బెంగుళూరు వెళ్ళిపోదామా అని మీటింగు కూడా పెట్టుకున్నారు.

సరే, హైటెక్ సిటీ మొత్తం కాదు. మాదాపూర్ నుంచి కొండాపూర్ వచ్చే దారిలో, మా సందు మొగలో రెండు ఆఫీసులు, ఒక ఆడపిల్లల హాస్టలు, అంతే. అమెరికా ఫోన్లు నేను చెవులారా వినలేదు. కానీ మూడు రోజులు ఆమె ఇడ్లీ బండి పెట్టకపోవడం నిజం. ఆ మూడు రోజులూ మా కోడలు పెట్టిన ఓట్సు నేను నోరు మూసుకుని తినడం అంతకన్నా నిజం. ఆమె బండి ఎందుకు పెట్టలేదో చెబుతాను. కొంత చూశాను, కొంత ఆమె మొగుడు లింగమూర్తి చెప్పాడు, మిగతాది నాకు తోచింది.

ఇక్కడ అద్దాల మేడలు లేవక ముందు సక్కుబాయి తండ్రి ఈ నేలలోనే జొన్న వేసేవాడు. కౌలుకు. అందుకని భూముల ధరలు పెరిగి రాత్రికి రాత్రి దొరలైన వాళ్ళలో ఈ కుటుంబం లేదు. లింగమూర్తి ఆటో నడిపేవాడు, ఆమె పొద్దున్నే ఇడ్లీలు వేసేది. ఇద్దరి సంపాదనా కలిపితే కిరాయి పోను ఏదో కాస్త మిగిలేది. ఒకనాడు ఫ్లైఓవర్ దిగుతూ ఆటో బోల్తా పడి లింగమూర్తి నడుము దెబ్బతింది. దవాఖాన బిల్లు కట్టడానికి ఆటో అమ్మారు. అది చాలక గిరిగిరి ఫైనాన్సు దగ్గర అప్పు తెచ్చారు. ఇచ్చేటప్పుడే వడ్డీ కోసుకుని ఇచ్చి, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం బండి మీద వచ్చి వసూలు చేసుకుపోయే అప్పు అది. రోజూ తిరుగుతారు కాబట్టి గిరిగిరి.

ఆమెకున్న ఒకే ఒక్క ధైర్యం చిట్టీ. మా అపార్ట్‌మెంటు కింద కిరాణా కొట్టు నడిపే సరోజమ్మ ఆ చిట్టీ పెద్ద. ఇరవై మంది ఆడవాళ్ళు, తలా నెలకు ఐదు వేలు. నెలకొక ఆదివారం కొట్టు ముందు పాట జరిగేది. ఆ నెల పోగైన లక్షలోంచి ఎవరు ఎక్కువ వదులుకుంటానని పాడితే డబ్బు వాళ్ళది, వదులుకున్న మొత్తాన్ని ఇరవై మందీ పంచుకుంటారు.

ఎక్కడా రాసుకోని కట్టుబాటు ఒకటి వాళ్ళకుండేది. ఎవరికైనా గట్టి అవసరం ఉంటే ముందే ఇల్లిల్లూ తిరిగి "ఈ నెల నాకు" అని చెప్పుకుంటుంది. ఇక ఆ ఆదివారం మిగతావాళ్ళు నోరు కట్టుకుంటారు. ఆమె ఐదు వేలు వదులుకుని తొంభై ఐదు తీసుకుపోతుంది. లాభం తగ్గిందని ఎవరూ ఏడవరు. రేపు తమ వంతూ వస్తుంది కదా.

ఆ జూన్‌లో ఇల్లిల్లూ తిరిగింది నీలమ్మ. పక్క ఆఫీసులో నేల తుడుస్తుంది. మొగుడు లేడు. కూతురు రోహిణికి నర్సింగులో సీటు వచ్చింది, సోమవారం లోగా డెబ్బై ఐదు వేలు కట్టాలి. బండి దగ్గర ఇడ్లీ తింటూ నీలమ్మ అడగడం నేను విన్నాను.

"సక్కూ, ఈ నెల నాకు ఇడిసిపెట్టాలె."

"గది గూడ అడగాల్నా అక్కా? నీ బిడ్డ సూదేస్తె ముందుగాల నేనే ఏయించుకుంట."

ఆమె మనస్ఫూర్తిగానే అంది.

శనివారం సాయంత్రం గిరిగిరి వాళ్ళు వచ్చారు. నాలుగు వాయిదాలు తప్పాయి. ఇడ్లీ బండిని ట్రాలీలో ఎక్కించుకుని పోయారు, గ్యాసు పొయ్యితో సహా. మంచం మీది నుంచి లేవలేక లింగమూర్తి కిటికీలోంచి వాళ్ళను బతిమాలాడట. ఎక్కించేవాళ్ళలో ఒకడు "మీ ఇడ్లీ మంచిగుంటది కాకా, ఏం జెయ్యాలె" అన్నాడట కూడా.

ఆదివారం సరోజమ్మ కొట్టు ముందు పాట మొదలైంది. నీలమ్మ "ఐదు" అంది. అందరూ లేవబోతున్నారు. అప్పుడు సక్కుబాయి, తల ఎత్తకుండా, "పది" అంది.

సిగరెట్ల కోసం కొట్టుకు దిగి (డాక్టరుకు తెలియదు, మీరూ చెప్పకండి) నేను అక్కడే నిలబడి ఉన్నాను. లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

"ఏంది సక్కూ?" అంది సరోజమ్మ.

"పది," అంది సక్కుబాయి మళ్ళీ.

నీలమ్మ పదిహేను అంది. సక్కుబాయి ఇంకొంచెం పెంచితే ఇరవై అంది. సక్కుబాయి మళ్ళీ పెంచితే ఇరవై ఐదు అంది. అంతకు మించితే చేతికి ఫీజుకు సరిపడా రాదు. సక్కుబాయి ముప్పై అంది. పాట ముగిసింది.

డెబ్బై వేలు పట్టుకుని వెళ్ళి బండి విడిపించుకుంది, గిరిగిరి అప్పు తీర్చింది. వదులుకున్న ముప్పై వేలలో చిట్టీలో ఉన్న ప్రతి ఒక్కరికీ పదిహేను వందలు వచ్చాయి. నీలమ్మకు కూడా. సీటు పోయింది. రోహిణి మదీనాగూడలో ఒక బట్టల షోరూములో చేరింది. అక్కడ పనిచేసే పిల్లలు నల్ల బూట్లు వేసుకోవాలని రూలు. ఆ పదిహేను వందలతో నీలమ్మ కూతురికి బూట్లు కొంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. బూట్లు వేసుకుని రోహిణి బండి ముందు నుంచి బస్సుకు వెళుతుంటే సక్కుబాయే లెక్క వేసుకుంది.

తిట్టి ఉంటే బాగుండేది. నీలమ్మ తిట్టలేదు. రోజూ లాగానే వచ్చి ఒక ప్లేటు ఇడ్లీ తిని, డబ్బులిచ్చి పోయేది. సక్కుబాయి వద్దంటే పళ్ళెం కింద పెట్టి పోయేది. "చట్నీ మంచిగున్నది" అని కూడా అనేది. ఆ మాట అన్న రోజు సక్కుబాయి నాకు ఇడ్లీకి బదులు ఉత్త సాంబారు పోసిచ్చింది.

నేను చదివిన కాన్వెంటులో పాపాలు చెప్పుకోవడానికి ఒక చెక్క గది ఉండేది. అందులోకి తల వంచుకుని వెళ్ళిన పిల్లలు గంతులేస్తూ బయటికి వచ్చేవారు. నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. సిస్టర్లు బెత్తంతోనే సరిపెట్టారు. మన దగ్గర అలాంటి గది లేదు. గుండు చేయించుకోవచ్చు, హుండీలో వేయవచ్చు, కానీ కొండ మీది స్వామికి ఇస్తే కింద ఉన్న నీలమ్మకు ముట్టదు. సక్కుబాయికి ఆ తేడా బాగా తెలుసు.

ఇక ఆ తర్వాతి రెండేళ్ళు సక్కుబాయి బతికిన తీరు చెబితే మీరు నన్ను అబద్ధాలకోరు అంటారు. అలవాటే. పొద్దున ఇడ్లీ, సాయంత్రం మిర్చి బజ్జీ. లింగమూర్తిని కుర్చీలో కూర్చోబెట్టి ఉల్లిపాయలు కోయించేది. కళ్ళు మండుతున్నాయని అతనంటే "నడుము నొస్తున్నదని ఏడుస్తవు గద, గా ఏడుపేదో ఈడ ఏడువు" అనేది. బండికి స్కానర్ పెట్టింది. ఆఫీసు పిల్లలు ఫోను చూపిస్తే డబ్బు పడిందని చిన్న డబ్బా ఒకటి అరుస్తుంది కదా, అది. చేతికి వచ్చిన నోట్లతోనే ఇల్లు, మందులు, చిట్టీ వాయిదా నడిపింది. స్కానర్ డబ్బు ముట్టేది కాదు. బ్యాంకు కార్డు తీసుకెళ్ళి సరోజమ్మ చేతిలో పెట్టి, కాళ్ళు పట్టుకున్నా ఇవ్వొద్దంది.

"స్కానర్ల పడేటియి నాయి గావు పెద్దసారు," అంది నాతో. "మీరు గూడ జర ఫోన్లనే కొట్టుండ్రి."

"నాకు ఫోను కొట్టడం రాదే."

"అబద్ధాలు చెప్పనీకె వస్తది గద. గదానికన్న అల్కగనే ఉంటది."

నేర్చుకున్నాను. డబ్బా అరిచిన ప్రతిసారీ ఆమె మొహం చిన్నబోయేది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

అప్పులన్నీ తీరాయి. కార్డులో లక్షకు దగ్గరగా పోగైంది. ఒక మధ్యాహ్నం సరోజమ్మ దగ్గర కార్డు అడిగి తీసుకుని, డబ్బు తీసి, నీలమ్మ గదికి వెళ్ళింది. తోడుగా లింగమూర్తి కర్ర పట్టుకుని వెళ్ళాడు. అతని నోటి నుంచే నేను విన్నాను.

"ఇయేంది?" అంది నీలమ్మ.

"రోహిణి ఫీజుకు అక్కా."

"నాకేమన్న బాకీ ఉన్నవా? చిట్టీల నువ్వు పాడినవ్, ఎత్తుకున్నవ్. నీ మొగడు మంచంల ఉండె. నేనైతె గూడ గట్లనే చేస్తుంటి."

ఆ మాట అబద్ధమని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"తీస్కో అక్కా. నీకు దండం పెడ్త."

"తీస్కుంటె నా బిడ్డ సదువు నీ దయ అయితది. వద్దు సక్కూ. పాత చిట్టీ పైసలు ఇంటి ఖర్సులకే అయిపోయినయి, కొత్త చిట్టీల నాది గూడ పేరున్నది. ఈ జూన్‌ల ఎత్తుకుంట. దానికి మల్ల సీటొచ్చింది."

చాయ్ తాగించి పంపింది.

వచ్చిన చిక్కల్లా అక్కడే. నీలమ్మ పాత కట్టుబాటును నమ్ముకుంది. ఆ కట్టుబాటు సక్కుబాయి నోరు తెరిచిన ఆదివారమే చచ్చిపోయింది. "గామె పాడంగ లేనిది మేమెందుకు నోర్లు కట్టుకోవాలె?" అని ఆ తర్వాత నుంచి ప్రతి నెలా అందరూ పాడుతున్నారు. ముప్పై, ముప్పై ఐదు దాకా పోతున్నది. నీలమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అందరూ తల ఊపారు. తల ఊపడం సక్కుబాయి కూడా ఊపింది, రెండేళ్ళ కిందట. ఈసారి కూడా సీటు పోతే రోహిణి ఇక షోరూములోనే ఉండిపోతుంది.

అప్పుడు సక్కుబాయి చేసిన పని నాలాంటి వాడికి తోచదు. పాటకు నాలుగు రోజుల ముందు, ఆ నెల ఎవరికి అవసరం ఉందో ఆరా తీసింది. ముగ్గురు తేలారు. ఒకామెకు ఇల్లు మారడానికి కిరాయి అడ్వాన్సు. ఇంకొకామెకు కొడుకు స్కూలు ఫీజు. మూడో ఆమె రత్నమాల, హాస్టల్లో వంట చేస్తుంది. ఆమెకు తల్లి కంటి ఆపరేషను. ముగ్గురి ఇళ్ళకూ చీకటి పడక ముందే వెళ్ళి, వాళ్ళకు కావలసినంత చేతిలో పెట్టింది. వడ్డీ లేదు. వీలైనప్పుడు ఇవ్వవచ్చు.

"గింత మంచితనమేంది సక్కూ? పరేషాన్ చేస్తున్నవ్," అంది రత్నమాల.

"మంచితనం గాదు. ఆదివారం నోరు తెరవొద్దు. నేనడిగిన్నని నీలమ్మక్కకు ఎన్నడు గూడ తెల్వొద్దు."

స్కానర్ డబ్బు చాలలేదు. కంటి ఆపరేషనుకు కొంచెం తక్కువపడింది. మినప్పప్పుకు, రవ్వకు, గ్యాసుకు పెట్టుకున్న డబ్బు కూడా ఇచ్చేసింది. అందుకే బండి మూడు రోజులు మూలన పడింది. ఆఫీసు పిల్లలు బిస్కెట్లు తిన్నారు. నా సంగతి చెప్పాను.

ఆదివారం నేను సిగరెట్లకు దిగాను. పాట మొదలైంది.

"ఐదు," అంది నీలమ్మ, చుట్టూ చూస్తూ.

ఎవరూ మాట్లాడలేదు. సరోజమ్మ ఒకసారి అడిగింది. రెండోసారి అడిగింది. అప్పుడు రత్నమాల నోరు తెరిచింది. సక్కుబాయి చేతిలో ఉన్న కొంగు అంచు చిరిగింది, నేను కళ్ళారా చూశాను. సరే, చిరగలేదు, నలిగింది. రత్నమాల పెద్దగా ఆవులించి, నోరు మూసుకుంది.

"నీలమ్మకు తొంభై ఐదు," అంది సరోజమ్మ.

డబ్బు కొంగులో కట్టుకుని నీలమ్మ నేరుగా సక్కుబాయి దగ్గరికే వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"చూసినవా సక్కూ? ఎవ్వరు గూడ పాడలే. మన ఆడోళ్ళు ఎంత మంచోళ్ళో. నేను ఊకెనే ఫికర్ పడ్డ."

సక్కుబాయి తల ఊపింది. క్షమించమని అడగడానికి అంతకు మంచి సమయం మళ్ళీ రాదు. అడిగితే చేసినది చెప్పాలి, చెబితే నీలమ్మ డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది. సక్కుబాయి కొట్టు మెట్లు దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కొంచెం తేలికపడుతుందనుకున్నాను. వీపు చూస్తే అలా అనిపించలేదు. రోహిణి పోగొట్టుకున్న రెండేళ్ళు ఏ పాటలోనూ దొరకవు.

రోహిణి ఇప్పుడు నర్సింగులో ఉంది. నీలమ్మ ఇంకా వస్తుంది, తింటుంది, డబ్బులిచ్చి పోతుంది. సక్కుబాయి స్కానర్ డబ్బు ఇప్పటికీ ఖర్చు పెట్టడం లేదు. ఎందుకని అడిగితే గరిటె చూపిస్తుంది.

ఇదంతా రాసి, నిన్న పొద్దున బండి దగ్గర, ఎవరూ లేని సమయం చూసి, ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా వింది. ఇడ్లీ పాత్ర మూత తీసింది, ఆవిరి మొహానికి కొట్టింది, మూత పెట్టింది.

"అన్ని అబద్ధాలు," అంది. "నేను జిందగీల చిట్టీ కట్టలే. బండి ఎవ్వరు గుంజుకపోలే. గా మూడు దినాలు నాకు జరమొచ్చింది, గందుకె పెట్టలే. నీలమ్మక్కకు చిట్టీ వచ్చిందంటె గది ఆమె నసీబు, నాకు సంబంధం లేదు. మా ఆయన మందులేస్కొని ఏదో ఒకటి చెప్తడు, మీరు రాస్కుంటరు. ఎవ్వరికన్న సదివి ఇనిపిస్తె మీకు రేపటి సంది ఇడ్లీ లేదు పెద్దసారు. జరుగుండ్రి, అక్క వస్తున్నది."