మౌనానికి మైకు

సిద్దిపేటకు సముద్రం లేదు. ఆ దిగులు మావాళ్లకు రిజర్వాయర్ నిండేదాకానే ఉండేది. చంద్లాపూర్ దగ్గర నీళ్లు కనిపించగానే జనం ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచి, కట్ట మీద నిలబడి, బీచ్‌కు వచ్చామని ఫోన్లలో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పగా లేవని నిరాశపడ్డాడు కూడా. నేను నవ్వాను గానీ, నాకూ ఆ ఒడ్డు మీద ఒక ఆశ పుట్టింది. కారణం మా ఆయన చెవులు.

ఆయన వయసంతా భివండీలో సాంచెల మీదే గడిచింది. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. ఆ మోతలో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. పని మానేసి ఇంటికి వస్తే ఆ మోత కూడా వెంట వచ్చింది. ఆయనకు సగం వినపడదు. వినపడే సగంలో సాంచె ఆడుతూనే ఉంటుంది. దవాఖానలో చూపిస్తే అలవాటు చేసుకోమన్నారు. ఆ ఒక్క మాట చెప్పడానికి డాక్టరుగారు పెద్ద చదువే చదివి ఉంటారు.

ఒడ్డున చిన్న పార్కు ఉంది. అందులోంచి చెట్ల మధ్యగా, నీళ్ల అంచు వెంట ఒక మట్టి బాట పోతుంది. మొదటిసారి అక్కడ నడిచిన పొద్దున ఆయన ఒకచోట ఆగిపోయాడు. అలలు రాళ్లకు తగిలి గలగలమంటున్నాయి.

"ఈడ సాంచె ఇనవడ్తలేదే," అన్నాడు.

ఆయన ముఖం అలా విప్పారి ఎన్నేళ్లయిందో. ఇక రోజూ పొద్దున్నే ఆయన్ను నా స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని పోయేదాన్ని. అక్కడ ఉన్నంతసేపూ నా మొగుడు నాకు దొరికేవాడు.

మంచి జాగ ఎక్కడున్నా మావాళ్లు పసిగడతారు. ముందు ఇద్దరొచ్చారు, తర్వాత గుంపొచ్చింది, గుంపు సంఘమైంది, సంఘానికి ఒక అధ్యక్షుడు తయారయ్యాడు. బడిలో ఆటల మాస్టరుగా రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా మెడలో ఈల పోలేదు. ఇక చూడండి, ఒకరి జేబులోంచి భక్తి పాటలు, ఇంకొకరి జేబులోంచి రాజకీయ చర్చ, చెట్టు కింద చేతులెత్తి ఆరోగ్యం కోసం హాహా అని నవ్వేవాళ్లు. ఏ కారణమూ లేకుండా అంత గట్టిగా నవ్వేవాళ్లను నేను ఎన్నికల సభల్లో కూడా చూడలేదు. ఆ గోలలో నీళ్ల చప్పుడు మునిగిపోయింది. మా ఆయన మళ్లీ చెవులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

ఉండబట్టలేక అధ్యక్షుణ్ని అడిగాను.

"సారూ, నీళ్ల సప్పుడు ఇంటెనే మా ఆయనకు పానం నిమ్మళమైతది. గీ బాట మీద జర మెల్లగ మాట్లాడుమనున్రి."

అధ్యక్షుడి కళ్లు మెరిశాయి. "మంచి మాట జెప్పినవమ్మా! గిప్పుడే తీర్మానం జేద్దాం. మౌన బాట! గిసొంటిది మన జిల్లల ఏడ లేదు."

ఆదివారానికల్లా నా మనవి కార్యక్రమమైపోయింది. మావాళ్లకు ఏదైనా మొదలుకావాలంటే శాలువా, మైకు, టిఫిను ఉండాల్సిందే. పార్కు గేటు దగ్గర షామియానా వేశారు. నీళ్లు బాగా కనిపించే చోటు చూసి, నోటి మీద వేలు పెట్టుకున్న అధ్యక్షుడి ఫ్లెక్సీ కట్టి నీళ్లు కనపడకుండా చేశారు. మనిషెత్తు సౌండు బాక్సులు తెచ్చారు. మౌనం గొప్పతనం గురించి ఒకరి తర్వాత ఒకరు గొంతు చించుకున్నారు. కొంగలు మొదటి ఉపన్యాసానికే లేచిపోయాయి, వాటికి టిఫిను మీద ఆశ లేదు కదా. ఆ తర్వాత మా ఆయన్ను వేదిక మీదికి పిలిచి, ఈ మౌనానికి మూలపురుషుడని చెప్పి, సరిగ్గా సౌండు బాక్సు పక్కనే నిలబెట్టి శాలువా కప్పారు. ఆయన పళ్లు బిగపట్టి దండం పెట్టాడు. అది వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మౌనం అమల్లోకి వచ్చింది. ఉన్నమాట చెప్పాలి, బాట మీద ఎవరూ నోరు విప్పలేదు. అధ్యక్షుడు ఈల పట్టుకుని మలుపు దగ్గర కాపలా కాస్తున్నాడు. నీళ్ల చప్పుడు మళ్లీ వినిపించింది. మా ఆయన నడక నెమ్మదించింది. నాకు ప్రాణం లేచివచ్చింది, అధ్యక్షుణ్ని అనవసరంగా వెక్కిరించానేమో అని కూడా అనుకున్నాను. అంతలో లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి నీళ్లలోకి దూకి, చేపతో పైకి లేచింది.

"అగో! శాప వట్టింది సూడే! గా పిట్టను సూడే!"

సాంచెల మధ్య పెరిగిన గొంతు అది. అదెంత పెద్దదో ఆయనకే వినపడదు, ఇక తగ్గించుకోవడం ఎలా వస్తుంది?

ఈల మోగింది. అధ్యక్షుడు పెదవుల మీద వేలు పెట్టుకుని ఉరికొచ్చాడు. నడిచేవాళ్లంతా ఆగి మమ్మల్నే చూశారు. ఒకామె చెవులు మూసుకుంది. నిన్న శాలువా కప్పింది ఈయనకేనని ఒక్కరికీ గుర్తు రాలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "గీ మౌనం ఎవలి కోసం వెట్టిన్రు సారూ?" అన్నాను.

నాక్కూడా ఈల పడింది. "రూలంటే అందరికి రూలేనమ్మా," అని అధ్యక్షుడు గుసగుసగా చెప్పాడు.

మా ఆయన నా చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిపించుకుపోయాడు. స్కూటీ అద్దంలో చూస్తే, దారంతా చెవులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

తెల్లారి స్కూటీ బయటికి తీసి పిలిస్తే ఆయన మంచం మీంచి లేవలేదు.

"నువ్వు పో. నేనొస్తే గాడ లొల్లైతది. పాపం, ఆళ్లకు నిమ్మళం గావాలె."

నాకొక్కదానికే చెబుతున్నాననుకున్నాడు. ఆ మాట మా వాడంతా విన్నది.