పొగలు కక్కిన చొప్ప వాము

ఫాల్గుణ మాసం, గురువారం, పొద్దున ఏడున్నర. (మా గోడ గడియారం అయిదు నిమిషాలు ముందు నడిచేది. అది తీసేసే చెబుతున్నాను.) మా చొప్ప వాము పొగలు కక్కడం నేను చూసింది అప్పుడే. ఆ రోజుల్లో నారాయణఖేడ్ వైపు పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు ముందు చూసేది పిల్లను కాదు, వామును. అది ఎత్తుగా ఉంటే ఆ ఇంట్లో పశువులకూ మనుషులకూ కొదవ లేదని నమ్మకం. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు జొన్న విరగబండింది. మా ఎడ్లూ బర్రెలూ ఎంత తిన్నా తరగనంత చొప్ప మిగిలింది. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డను చూడటానికి వస్తున్నామని నాగల్‌గిద్ద నుంచి కబురొచ్చింది. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయి, ఆ పిల్ల అన్నం సరిగా తినడం మానేసిన రోజులవి.

చొప్ప ఇంకా పచ్చిగానే ఉంది. ఎండనిద్దామన్నాడు మా మామ. అత్త వినలేదు. "ఎండేదాంక వాళ్లు ఆగుతరా? పేర్వుండ్రి. వాము ఇంటి కప్పు దాటాలె" అంది. నేనూ ఆడబిడ్డా పైన నిలబడి, మామ అందించిన కట్టలు పేర్చాం. (వంకర రాకూడదని నేను దారం పట్టి మరీ చూశాను. లోపల చొప్ప ఉడుకుతుందన్న సంగతి ఆ దారం చెప్పలేదు.) పనయ్యాక ఇద్దరం అక్కడే వెల్లకిలా పడుకున్నాం. ఆకాశం మా మీదికి దిగివచ్చినట్టుంది. "వదినా, గాడ కన్నడ మాట్లాడ్తరంట. నాకేమొస్తది?" అంది. "నవ్వొస్తది గద, సాలు తియ్" అన్నాను.

నాలుగు రోజులు గడిచాక వచ్చింది ఆ గురువారం. వాము మీదనుంచి తెల్లటి ఆవిరి మెల్లగా లేచి, వేపకొమ్మల్లోకి పాకి, ఎండలో కరిగిపోతోంది. గాలిలో పాకం కాచినట్టు, కల్లు పులిసినట్టు తియ్యటి వాసన. మంచు అనుకుని, ఎంత బాగుందో అని చీపురు పట్టుకునే నిలబడిపోయాను. ఎడ్లు మాత్రం ముఖం తిప్పుకున్నాయి.

అంతలోనే చుట్టాలు దిగారు. పిల్లగాని తాత నేరుగా వాము దగ్గరికి వెళ్లి, మోచేతిదాకా చేయి దూర్చి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఓయమ్మ! గీండ్ల అన్నం వండుతుండ్రా ఏంది?"

"కొత్త చొప్ప గద, జర వెచ్చగుంటది" అంది అత్త, తొణక్కుండా.

"జరనా? చాయ్ కాగుతది! అంటుకుంటే ఇల్లు గూడ పోతది. జల్దీ ఇప్పుండ్రి!"

ఈ సంబంధమూ పోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, తలుపు చాటున ఉండవలసిన మా ఆడబిడ్డ కొత్త చీర కుచ్చిళ్లు దోపుకుని వాము మీద ఉంది. ప్యాంటు మడిచి పిల్లగాడూ ఎక్కాడు. లోపలి కట్టలు నల్లబడి, తెల్లగా బూజు పట్టి, పొగలు కక్కుతున్నాయి. ఆమె విసిరిన కట్ట ఒకటి తాత తలకు తగిలి, రుమాలు ఎగిరి బురదలో పడింది. ఆయన బోడితల తడుముకుంటూ పైకి చూశాడు.

"పిల్లను చూసుడైంది. చెయ్యి గట్టిది. ఇగ లగ్గం పెట్టుకుందాం."

ఇప్పటికీ దారిలో వాము కనబడితే ఆటో ఆపించి, దిగి, లోపల చేయి పెట్టి చూస్తాను. "పరేషాన్ చేయకు నానమ్మా, అది మనది గాదు" అంటుంది మనవరాలు. అయినా పెడతాను. వెచ్చగా తగిలితే ఎందుకో కాసేపు తియ్యబుద్ధి కాదు.

ఆ ఏడు మాకు పోయినవి: పెంటకుప్పకు చేరిన సగం వాము, ఒక కొత్త చీర, తాతకు బదులిచ్చిన రుమాలు, నాగల్‌గిద్దకు కాపురానికి పోయిన మా ఆడబిడ్డ.